కాకినాడ కోడింగ్ క్లాసులో ముక్కు వాల్వ్ కొలాప్స్: కోడ్లు బాగా చెప్పారు, నోట్ చదవడం చెప్పలేదు

గోదావరి డెల్టాలో బీఎస్సీ, బీఫార్మసీ, ఫిజియోథెరపీ పూర్తిచేసినవాళ్లలో మెడికల్ కోడింగ్ (డాక్టర్ రాసిన నోట్‌ను ఇన్సూరెన్స్ బిల్లు కోసం కోడ్లుగా మార్చే పని) వైపు వెళ్తున్నవాళ్లు ఎక్కువే. అలాంటివాళ్ల కోసం కాకినాడలో ఒక సెంటర్ ఈఎన్‌టీలో ఒక్క అంశం మీదే ప్రత్యేక క్లాసు పెట్టింది. ఆ అంశం నేజల్ వాల్వ్ కొలాప్స్, అంటే గాలి పీల్చుకునే దారిలో ముక్కు గోడ లోపలికి కూలిపోవడమో, ఆ దారే ఇరుగ్గా ఉండిపోవడమో. రెండు ఆదివారాలు, పూటకు మూడేసి గంటల చొప్పున నాలుగు పూటలు. ఫీజు 2,800 రూపాయలు. స్పైరల్ బైండింగ్ చేసిన 64 పేజీల పుస్తకం, సాధనకు 20 చార్టులు (పేషెంట్ రికార్డుల నమూనాలు) అందులోనే ఇస్తారు. రాజమండ్రి, భీమవరం వైపు క్లాసులు వెతుక్కునేవాళ్లు ఏది ఎంచుకున్నా ఏం చూసుకోవాలో తెలియాలని ఈ సమీక్ష రాస్తున్నాం. అందుకే సెంటర్ పేరు వేయడం లేదు.

ఇంత చిన్న అంశానికి పన్నెండు గంటలెందుకని అడిగేవాళ్లుంటారు. కారణం ఉంది. 2024 అక్టోబరు 1కి ముందు అమెరికా వాడే జబ్బుల కోడ్ల పట్టిక ఐసీడీ-10-సీఎంలో ఈ జబ్బుకంటూ సొంత కోడ్ లేదు. ముక్కు, సైనస్‌ల ఇతర జబ్బులన్నిటినీ కుప్పపోసే జె34.89లోనే దీన్నీ వేసేవారు. ఆ తేదీ నుంచి జె34.82 కింద ఏడు కొత్త కోడ్లు వచ్చాయి. డాక్టర్ నోట్‌లో ఒక్క మాట తక్కువైతే కోడ్ మారిపోతుంది. కోడ్ మారితే ఆపరేషన్‌కు డబ్బు కట్టాలా వద్దా అన్న ఇన్సూరెన్స్ నిర్ణయమూ మారవచ్చు. అంటే పని పెరిగింది, పొరపాటు చేయడానికి చోటూ పెరిగింది.

మొదటి పూట శరీర నిర్మాణం. ఈ క్లాసులో అన్నిటికంటే బాగున్నది ఇదే. పాఠం చెప్పినాయన ప్రతి బల్ల మీదా ఒక బొండాం పెట్టించి, రెండు రకాల స్ట్రాలు ఇచ్చారు. ఒకటి సన్నది, గట్టిది. రెండోది లావుది, తడికి మెత్తబడిన కాగితం స్ట్రా. సన్న స్ట్రాతో మెల్లగా పీల్చినా, గట్టిగా పీల్చినా నీళ్లు కొంచెమే వస్తాయి, ఎందుకంటే దారే ఇరుకు. అది స్టాటిక్. మెత్తబడిన స్ట్రాతో మెల్లగా పీలిస్తే నీళ్లు బాగానే వస్తాయి. గట్టిగా పీల్చగానే గోడలు రెండూ అతుక్కుపోయి ఆగిపోతాయి. అది డైనమిక్. గాలి వేగం పెరిగినకొద్దీ లోపలి ఒత్తిడి తగ్గుతుంది, బలం లేని గోడ లోపలికి లాక్కుపోతుంది. ఐదు నిమిషాల్లో అందరికీ తలకెక్కింది. కోనసీమ పిల్లలకు ఇంతకంటే సులువైన పాఠం ఇంకొకటి ఉండదు.

లోపలి వాల్వ్, బయటి వాల్వ్ తేడా కూడా తప్పు లేకుండా చెప్పారు. కొత్తవాళ్లు ఎక్కువగా తడబడేది ఇక్కడే, ఎక్స్‌టర్నల్ అంటే చర్మం మీద బయటికి కనిపించే భాగమని అనుకుంటారు. అది తప్పు. ఎక్స్‌టర్నల్ వాల్వ్ అంటే ముక్కు రంధ్రం దగ్గరి గది. ముక్కుపుటం, రెండు రంధ్రాల మధ్య ఉండే స్తంభం, అడుగున రంధ్రం గడప, ఇవీ దాని హద్దులు. ఇంటర్నల్ వాల్వ్ రంధ్రం నుంచి సుమారు 1.3 సెంటీమీటర్లు లోపల ఉంటుంది. దానికి ఒక పక్క సెప్టమ్, అంటే రెండు రంధ్రాలను విడదీసే నడిమి గోడ. ఇంకో పక్క పై మృదులాస్థి అంచు. అడుగున ఇన్‌ఫీరియర్ టర్బినేట్, అంటే ముక్కు లోపల పక్క గోడ నుంచి పొడుచుకొచ్చే ఎముక మడత, దాని తల. సెప్టమ్‌కూ పై మృదులాస్థికీ మధ్య కోణం తెల్లజాతివారి ముక్కుల్లో మామూలుగా 10 నుంచి 15 డిగ్రీలే. మొత్తం గాలి దారిలో అతి ఇరుకైన చోటు అది. కాలువకు తూము ఎలాగో ముక్కుకు అది అలాగ. తూము దగ్గర వేలెడు పూడిక చేరినా కింది చేలకు నీళ్లు తగ్గినట్టు, ఇక్కడ ఒక్క మిల్లీమీటరు తగ్గినా మనిషికి తెలిసిపోతుంది.

రెండో పూట కోడ్లు. బోర్డు మీద చెట్టు గీసి చూపించారు, అదీ బాగుంది. జె34.820 కొమ్మ ఇంటర్నల్ వాల్వ్‌ది. దాని కింద జె34.8200 అంటే ఏ రకమో చెప్పనిది, జె34.8201 స్టాటిక్, జె34.8202 డైనమిక్. జె34.821 కొమ్మ ఎక్స్‌టర్నల్ వాల్వ్‌ది. దాని కింద జె34.8210, జె34.8211, జె34.8212 అదే వరసలో. ఏ వాల్వో కూడా చెప్పకపోతే జె34.829. ఈ చివరిదానికి మాత్రం ఆరు అక్షరాలే, మిగతా ఆరింటికీ ఏడు. జె34.82 అనో, జె34.820 అనో రాసి ఆపేస్తే కోడ్ చెల్లదు, క్లెయిమ్ గడప దాటకుండానే వెనక్కి వస్తుంది.

ఏడో అక్షరం దగ్గర ఉన్న ఉచ్చును చెప్పడం ఈ పూటకు పెద్ద ప్లస్. గాయాల కోడ్లు ఎక్కువగా చేసినవాళ్లకు ఏడో స్థానం కనిపించగానే చెయ్యి ఏ (అసలు చికిత్స), డీ (కోలుకునే దశ), ఎస్ (దెబ్బ మిగిల్చిన ఇబ్బంది) వైపు పోతుంది. ఇక్కడ ఏడో స్థానంలో ఉన్నది చికిత్స ఏ దశలో ఉందన్న గుర్తు కాదు, జబ్బు రకం. ముక్కు ఎముక విరిగి, ఏడాది తర్వాత ఆ దెబ్బ వల్లే వాల్వ్ కూలిందని డాక్టర్ రాస్తే, ముందు జె34.82 కింది కోడ్, దాని వెనక ఎస్02.2ఎక్స్‌ఎక్స్‌ఎస్ వేయాలి. ఎస్ అనే తోక దెబ్బ కోడ్‌కే ఉంటుంది, వాల్వ్ కోడ్‌కు రాదు.

కుడి, ఎడమ అన్న తేడా ఈ కోడ్లలో లేదు. ఈ మాట పుస్తకంలో ఒక మూల ఒకే ఒక్క వాక్యంగా ఉంది. పెద్దక్షరాలతో వేయాల్సిన మాట ఇది. కోడ్‌లో పక్క లేదు కదా అని నోట్‌లోనూ పక్క రాయకపోతే, రేపు ఒక్క వైపే ఆపరేషన్ చేసినప్పుడు ఏ వైపు జబ్బుకు ఏ వైపు కోశారని అడిగితే చెప్పడానికి ఏమీ ఉండదు. రెండు వాల్వులూ కూలితే రెండు కోడ్లు వేయాలన్న సంగతి మాత్రం స్పష్టంగా చెప్పారు.

తేదీ విషయంలోనూ పాఠం సరిగ్గానే ఉంది. ఏ సంవత్సరం కోడ్ వాడాలన్నది బిల్లు పంపిన రోజును బట్టి కాదు, డాక్టర్ పేషెంట్‌ను చూసిన రోజును బట్టి. 2024 సెప్టెంబరు 30న చూసి, బిల్లు అక్టోబరు నెలలో పంపినా జె34.89నే వేయాలి. పాత చార్టులు ఆడిట్ చేసేవాళ్లు ఇది గుర్తు పెట్టుకోకపోతే తప్పు లేనిచోట తప్పు పడతారు.

ఇక్కడే పుస్తకాల గురించి ఒక మాట. సీనియర్ల దగ్గర సగం ధరకు కోడ్ పుస్తకాలు కొనుక్కునే అలవాటు ఉంది. ఐసీడీ-10-సీఎం సంవత్సరం అక్టోబరు 1న మొదలై సెప్టెంబరు 30న ముగుస్తుంది. 2024 అని అట్ట మీద ఉన్న పుస్తకంలో జె34.82 కనిపించదు, 2025 పుస్తకంలోనే ఉంటుంది. ఆపరేషన్లు, చికిత్సల కోడ్లుండే సీపీటీ పుస్తకం మాత్రం జనవరి నుంచి డిసెంబరు వరకు. ఐసీడీ-10-సీఎం పట్టికలు అమెరికా ప్రభుత్వ వెబ్‌సైట్లలో ఉచితంగా దొరుకుతాయి కాబట్టి, పాత పుస్తకం కొన్నవాళ్లు కనీసం ఆ పేజీలైనా దించుకుని అతికించుకోవాలి. క్లాసులో సగం మంది దగ్గర పాత పుస్తకాలే ఉన్నాయి. సెంటర్ వాళ్లు ఈ మాట ముందే చెప్పి ఉండాల్సింది.

ఇంతవరకూ బాగానే నడిచింది. లోపం మొదలైంది పుస్తకం 31వ పేజీలో. కాటిల్ పరీక్ష పాజిటివ్ అయితే డైనమిక్ కోడ్ వేయమని అక్కడ అచ్చయింది. ఇది తప్పు, చాలా నష్టం చేసే తప్పు. కాటిల్ పరీక్షలో పేషెంట్ బుగ్గను వేళ్లతో పక్కకు లాగుతారు. గాలి బాగా ఆడితే పాజిటివ్. బుగ్గ లాగితే దారి వెడల్పవుతుంది కాబట్టి స్టాటిక్ ఇరుకైనా, సెప్టమ్ వంకర వల్ల వచ్చిన ఇరుకైనా పేషెంట్ బాగుందనే అంటాడు. మచ్చ కట్టి గోడ బిగుసుకుపోయిన ముక్కులోనైతే, వాల్వ్ జబ్బు ఉన్నా లాగినప్పుడు కదలదు, పరీక్ష నెగెటివ్ వస్తుంది. అంటే ఆ పరీక్ష ఇరుకు ఎక్కడో చూచాయగా చెబుతుంది తప్ప, స్టాటికో డైనమికో తేల్చదు. తేల్చాల్సింది డాక్టర్. కోడర్ తేల్చకూడదు. డాక్టర్ జబ్బు ఉందని రాసిన మాటను బట్టే కోడ్ వేయాలని ఐసీడీ-10-సీఎం మార్గదర్శకాలే చెబుతున్నాయి. పరీక్ష ఫలితం చూసి కోడర్ సొంతంగా రకం తేల్చితే, ఆడిట్‌లో దొరికిన రోజు ఆ బాధ్యత ఎవరూ పంచుకోరు.

మరి నోట్‌లో ఏముంటే కోడ్ నిలబడుతుంది? ఈ ప్రశ్నకు క్లాసులో ఇరవై నిమిషాలే ఇచ్చారు. కనీసం ఒక పూట ఇవ్వాల్సింది. అందుకే ఇక్కడ కొంచెం వివరంగా రాస్తున్నాం.

ముందు పేషెంట్ చెప్పేది. ఏ వైపు ముక్కు పట్టేస్తోంది, ఎప్పుడూ ఉంటుందా, గట్టిగా పీల్చినప్పుడో మెట్లెక్కినప్పుడో మాత్రమేనా, పడుకుంటే పెరుగుతుందా, ముక్కు మీద అంటించే పట్టీ పెట్టుకుంటే తగ్గుతుందా, ఇంతకుముందు ముక్కు ఆపరేషన్ గానీ దెబ్బ గానీ ఉందా. ముక్కు మీద మూపురం చెక్కించుకున్నవాళ్లలో మృదులాస్థి ఎక్కువ తీసేస్తే ఏళ్ల తర్వాత వాల్వ్ కూలుతుంది, కాబట్టి పాత ఆపరేషన్ మాట తప్పనిసరి. ఆ తర్వాత నోస్ స్కోరు. ఇది 2004లో వచ్చిన ఐదు ప్రశ్నల పట్టిక. ముక్కు దిబ్బడ, అడ్డు, ముక్కుతో గాలి పీల్చడంలో ఇబ్బంది, నిద్ర ఇబ్బంది, శ్రమ చేసేటప్పుడు గాలి చాలకపోవడం. గడిచిన నెల రోజుల గురించి ఒక్కో ప్రశ్నకు 0 నుంచి 4 వరకు మార్కులు. మొత్తాన్ని 5తో గుణిస్తే 100లోపు స్కోరు వస్తుంది. 55 నుంచి 75 దాకా తీవ్రం, 80 నుంచి పైన అతి తీవ్రం అని వాడుక. చాలా నోట్లలో స్కోరు 13 అని రాసి వదిలేస్తారు. అది గుణించకముందుదా, తర్వాతదా? స్కోరు ఎప్పుడూ 5 గుణిజమే అవుతుంది కాబట్టి 13 అంటే గుణించలేదని అర్థం. అంటే నిజానికి స్కోరు 65. ఇలాంటి చిన్న గమనింపే మంచి కోడర్‌ను పట్టిస్తుంది. అయినా లెక్క కోడర్ సరిచేయకూడదు, డాక్టర్‌నే అడగాలి.

ఆ పైన పరీక్ష. ముక్కు రంధ్రాన్ని తెరిచి చూసే పరికరం స్పెక్యులమ్ పెట్టకముందే చూశారా అన్నది మొదటి ప్రశ్న. స్పెక్యులమ్ రెక్కలు రంధ్రాన్ని విడదీస్తాయి. కూలే గోడను అదే ఎత్తి పట్టుకుంటుంది. ముందు స్పెక్యులమ్ పెట్టి చూస్తే వాల్వ్ మామూలుగానే కనిపిస్తుంది. అందుకే ముందు ఉత్తి కంటితో, మామూలు శ్వాసలో ఒకసారి, గట్టిగా పీల్చమని ఒకసారి చూసి, ఏ గోడ ఎంత కదిలిందో రాయాలి. పక్క గోడ కదలికకు గ్రేడు పద్ధతి ఒకటి ఉంది. గోడ సెప్టమ్ వైపు మూడో వంతు లోపు కదిలితే 1, మూడింట రెండు వంతుల దాకా అయితే 2, అంతకు మించితే 3. పై భాగాన్ని జోన్ 1, పుటం దగ్గరి భాగాన్ని జోన్ 2 అంటారు. జోన్ 1లో గ్రేడ్ 3, జోన్ 2లో గ్రేడ్ 0 అని ఉంటే ఏ వాల్వో ఎంత స్పష్టంగా తెలిసిపోతుందో చూడండి. మారిన కాటిల్ పరీక్షలో బుగ్గ లాగరు. దూది పుల్లతోనో, సన్నని క్యూరెట్‌తోనో లోపలి గోడకు ఒక్కో జోన్ దగ్గర ఆసరా ఇచ్చి గాలి ఎక్కడ తెరుచుకుందో చూస్తారు. పాత కాటిల్ కన్నా ఇదే చోటును నిక్కచ్చిగా చెబుతుంది. ముక్కు దిబ్బడ తగ్గించే ఆక్సీమెటజోలిన్ చుక్కలు వేశాక కూడా అడ్డు అలాగే ఉంటే అది పొర వాపు వల్ల వచ్చింది కాదని రాసుకోవచ్చు. సెప్టమ్, టర్బినేట్‌ల పరిస్థితి విడిగా ఉండాలి, ఎందుకంటే జె34.2, జె34.3 వాటి కోడ్లు. వాల్వ్ కోడ్ వేశామని వాటిని వదిలేయకూడదు.

స్కాన్ లేకపోతే కోడ్ నిలవదని పుస్తకంలో ఒక చోట ఉంది. అదీ సరికాదు. అమెరికా ఈఎన్‌టీ వైద్యుల సంఘం 2010లో ఇచ్చిన ఏకాభిప్రాయ ప్రకటన ఈ జబ్బును ప్రధానంగా పేషెంట్ చెప్పిన వివరాలు, డాక్టర్ పరీక్షల మీదే తేల్చాలని చెప్పింది. ఫొటోలు మాత్రం చాలా ఇన్సూరెన్సులు అడుగుతాయి. తల వెనక్కి వంచి కింది నుంచి తీసిన రెండు ఫొటోలు చాలు, ఒకటి ఊరికే ఉన్నప్పుడు, ఒకటి గట్టిగా పీల్చినప్పుడు. రెండింటికీ తేదీ ఉండాలి.

చాలా క్లెయిములు పోయేది నోట్ చివరి పేరాలో. పరీక్షలో డైనమిక్ కూలుడు కనిపించిందని రాసి, అసెస్‌మెంట్ (డాక్టర్ తేల్చిన జబ్బు రాసే చోటు) దగ్గరికి వచ్చేసరికి ముక్కు అడ్డు అని తేల్చేస్తారు. పరీక్షలో కనిపించినది జబ్బు పేరు కాదు. అసెస్‌మెంట్‌లో ముక్కు అడ్డు అని మాత్రమే ఉంటే కోడ్ జె34.89 దగ్గరే ఆగుతుంది. అనుమానంగా ఉంది, కావచ్చు అన్న మాటలుంటే ఓపీ చార్టులో ఆ జబ్బు కోడ్ అసలు వేయకూడదు, లక్షణం కోడే వేయాలి. ముక్కు దిబ్బడ అయితే ఆర్09.81.

నాలుగో పూట చేయించే సాధన చార్టులతో చిక్కేమిటంటే, ఇరవై చార్టుల్లోనూ అసెస్‌మెంట్ అద్దంలా ఉంది. కుడివైపు ఇంటర్నల్ వాల్వ్ డైనమిక్ కొలాప్స్ అని డాక్టర్ ముచ్చటగా రాసిపెడితే జె34.8202 వేయడానికి పన్నెండు గంటల చదువెందుకు? ఉద్యోగంలో వచ్చే చార్టులు అలా ఉండవు. రెండు వైపులా వాల్వ్ ఇరుకు అని ఉంటుంది. ఇరుకు అంటే స్టాటిక్ అనుకుంటే పప్పులో కాలేసినట్టే, డాక్టర్ ఆ మాట అనలేదు. పక్క గోడ బలహీనం అని ఉంటుంది, వాల్వ్ అన్న మాటే కనిపించదు. గత నోట్‌నుంచి తెచ్చి అతికించిన పేరాలో ఇంటర్నల్ అని, కొత్త పేరాలో ఎక్స్‌టర్నల్ అని ఉంటుంది. ఇలాంటి గజిబిజి చార్టులు అయిదు పెట్టినా ఆ పూటకు విలువ వచ్చేది.

అలాంటప్పుడు స్పష్టత కోరుతూ డాక్టర్‌కు రాసి పంపే ప్రశ్నే క్వెరీ. క్వెరీ రాయడం ఈ క్లాసులో అసలు లేదు. ఇది చిన్న లోపం కాదు. మాకు డైనమిక్ కోడ్ కావాలి, దయచేసి అలా రాయండి అని పంపితే అది డాక్టర్ చేత జవాబు చెప్పించినట్టు. ఆడిట్‌లో అదే మెడకు చుట్టుకుంటుంది. సరైన క్వెరీ ఇలా ఉంటుంది: ఫలానా తేదీ పరీక్షలో కుడివైపు జోన్ 1 గోడ గట్టిగా పీల్చినప్పుడు గ్రేడ్ 3 కదిలిందని ఉంది. అసెస్‌మెంట్‌లో ముక్కు అడ్డు అని ఉంది. మీ వైద్య అభిప్రాయం ప్రకారం ఈ అడ్డుకు కారణమైన జబ్బును తెలపగలరా? దాని కింద ఇంటర్నల్ వాల్వ్ స్టాటిక్, ఇంటర్నల్ వాల్వ్ డైనమిక్, ఎక్స్‌టర్నల్ వాల్వ్ స్టాటిక్, ఎక్స్‌టర్నల్ వాల్వ్ డైనమిక్, వేరేది, చెప్పలేం అని అన్ని దారులూ తెరిచి ఉంచాలి. డబ్బు ప్రస్తావన ఎక్కడా రాకూడదు. నోట్‌లో ఉన్న వాస్తవం ఎత్తిచూపి, తీర్పు డాక్టర్‌కే వదలాలి.

మూడో పూట ఆపరేషన్ కోడ్లు. ఇక్కడ మంచీ చెడూ కలిసి ఉన్నాయి. గ్రాఫ్ట్ (ఆసరాగా అమర్చే మృదులాస్థి ముక్క) పెట్టి చేసే వాల్వ్ మరమ్మతుకు సీపీటీ 30465. పక్క గోడలో ఇంప్లాంట్ గుచ్చితే 30468, ఇది 2021 జనవరిలో వచ్చింది. తక్కువ శక్తి రేడియో తరంగాల వేడితో గోడను బిగించితే 30469, ఇది 2023 జనవరిది. వరస, సంవత్సరాలు సరిగ్గానే చెప్పారు. తర్వాత రెండు వైపులా చేస్తే మోడిఫయర్ (కోడ్ వెనక వేసే రెండంకెల గుర్తు) 50 తగిలించమని ఒక అభ్యాసంలో ఉంది. అది తప్పు. ఈ మూడు కోడ్లూ రెండు వైపులకూ కలిపే ఉన్నవి. ఒక్క వైపే చేస్తే పని తగ్గినట్టు మోడిఫయర్ 52 వేయాలి. 50 వేస్తే రెట్టింపు అడిగినట్టవుతుంది, క్లెయిమ్ తిరస్కరిస్తారు. లేదా ముందు కట్టేసి తర్వాత తిరిగి లాక్కుంటారు, రెండోదే ఎక్కువ బాధ.

మృదులాస్థి ఎక్కడ నుంచి తీశారన్నదీ చూడాలి. 30465లో గ్రాఫ్ట్ తీయడం కలిసి లేదు. చెవి నుంచి వేరే కోతతో తీస్తే 21235 విడిగా వేయవచ్చు. అదే సమయంలో సెప్టమ్ సరిచేసి 30520 వేస్తూ, అక్కడే తీసిన ముక్కను వాడితే 20912 మళ్లీ విడిగా వేయకూడదు. ఈ తేడా క్లాసులో చక్కగా చెప్పారు, ఉదాహరణ కూడా సరిపోయింది.

జబ్బు కోడ్, ఆపరేషన్ ఒకదానికొకటి సరిపోతున్నాయా అన్న పరీక్ష మాత్రం లేదు. స్ప్రెడర్ గ్రాఫ్ట్ సెప్టమ్‌కూ పై మృదులాస్థికీ మధ్య కూర్చుంటుంది, ఇంటర్నల్ వాల్వ్ కోణాన్ని విప్పుతుంది. జబ్బు కోడ్ ఎక్స్‌టర్నల్ అని వేసి, ఆపరేషన్ నోట్‌లో స్ప్రెడర్ గ్రాఫ్ట్ ఒక్కటే ఉంటే చదివేవాడు ఆగుతాడు. పుటం అంచుకు పెట్టే రిమ్ గ్రాఫ్ట్ ఎక్స్‌టర్నల్‌కు. పక్క గోడ ఇంప్లాంట్ లోపలికి లాక్కుపోయే గోడకు ఆసరా, అలాంటి చోట స్టాటిక్ కోడ్ ఉంటే ప్రశ్న రావడం సహజం. కోడర్ ఏ కోడ్‌నూ మార్చలేడు గానీ, సరిపోలడం లేదని పంపేముందే పట్టుకోగలడు. అందం కోసమే చేసినదైతే దానికి జెడ్41.1 ఉంది. ఊపిరి ఇబ్బంది నోట్‌లో నిలబడకపోతే ఆపరేషన్ మొత్తాన్ని ఆ వైపుకే నెట్టేస్తారు. నోస్ స్కోరు, స్టీరాయిడ్ స్ప్రే వాడిన వారాలు, మందు పేరు, మొదలుపెట్టిన తేదీ, ఇవన్నీ అందుకే కావాలి. మందులు వాడినా తగ్గలేదు అన్న ఒక్క వాక్యం చాలదు. వరి కోతల దుమ్ముకు తుమ్ములు పట్టుకునే మన ప్రాంతపు పేషెంట్‌ను ఊహించుకోండి. అలర్జీ ఉన్నంత మాత్రాన వాల్వ్ జబ్బు లేనట్టు కాదు. అలర్జీకి మందు వాడాక ఎంత మిగిలిందో రాస్తేనే మిగిలింది వాల్వ్‌ది అని చూపించగలం.

చివర్లో మన ఇన్సూరెన్స్ గురించి ఒక పేజీ ఉంది. ఆ పేజీని ఈ రూపంలో ఉంచడం కన్నా తీసేయడం మేలు. రాజమండ్రిలోనో అమలాపురంలోనో ఆసుపత్రి ఇన్సూరెన్స్ డెస్క్‌లో చేరేవాళ్లు క్యాష్‌లెస్ ఫారం నింపాలి. అందులో ఐసీడీ-10 గడి ఉంటుంది. పుస్తకంలో ఆ గడిలో జె34.8202 వేసి చూపించారు. ఆ పొడుగు కోడ్లు అమెరికా తన కోసం చేసుకున్న రూపానివి. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఐసీడీ-10లో ఈ జబ్బు జె34.8 దగ్గరే ఆగుతుంది. గడిలో ఏ కోడ్ ఉన్నా, దాని పక్కన జబ్బు పేరును ఏ వాల్వో, కుడో ఎడమో, ఏ రకమో మాటల్లో రాయడం మన దగ్గర ముఖ్యం. అందం కోసం చేసే ఆపరేషన్లను మన పాలసీలు Excl08 అనే మినహాయింపు కోడ్ కింద తీసేస్తాయి. రైనోప్లాస్టీ అన్న మాట కనపడగానే అక్కడికే లాగుతారు. సెప్టమ్ వంకరకు చాలా పాలసీల్లో 24 నెలల నిరీక్షణ ఉంటుంది. డాక్టర్ వాల్వ్ జబ్బు అని రాసినా ఫారంలో అలవాటుగా డీఎన్ఎస్ (సెప్టమ్ వంకర) అని వేస్తే, అసలు కారణం వేరైనా పేషెంట్ ఆ నిరీక్షణలో ఇరుక్కుంటాడు. అలాగని సెప్టమ్ వంకర ఉన్నప్పుడు దాన్ని దాచి వాల్వ్ ఒక్కటే రాయడం మోసం, అదీ చెప్పాలి. పుస్తకంలో ఈ రెండు మాటలూ లేవు.

వసతి విషయంలో వంక పెట్టడానికేమీ లేదు. గదిలో ఏసీ, కరెంటు పోతే ఇన్వర్టర్, ఒక్కో బ్యాచ్‌కు 18 మందికి మించి తీసుకోలేదు. సాయంత్రం అయిదుకే వదలడం వల్ల రామచంద్రపురం, యానాం, అమలాపురం వైపు వెళ్లే అమ్మాయిలకు బస్సు ఇబ్బంది లేదు. సందేహాలకు క్లాసు తర్వాత కూడా వారం రోజులు ఫోన్‌లో జవాబిచ్చారు. 31వ పేజీ తప్పు, మోడిఫయర్ 50 తప్పు చెబితే వాదించకుండా రాసుకున్నారు. అది మంచి గుణం. అచ్చులో సరిదిద్దారో లేదో వచ్చే బ్యాచ్‌లో చూడాలి.

మెడికల్ కోడర్ల సర్టిఫికెట్ పరీక్ష సీపీసీకి చదువుతున్నవాళ్లు ఒక్కటి తెలుసుకోవాలి. ఆ పరీక్ష నాలుగు గంటల్లో వంద ప్రశ్నలు, శరీరం మొత్తం మీద. ముక్కు వాల్వ్ ఒక్కదాని కోసం అప్పుడే ఈ ఫీజు కట్టనక్కర్లేదు. ఉద్యోగంలో ఈఎన్‌టీ చార్టులు చేస్తున్నవాళ్లకు, క్వాలిటీ ఆడిట్‌లో జె34.82 మీద మార్కులు పోతున్నవాళ్లకు మొదటి రెండు పూటలు డబ్బుకు తగ్గవు. మెడికల్ టర్మినాలజీ ఇంకా రానివాళ్లు ముందు అది నేర్చుకుని రావడం మంచిది, లేకపోతే టర్బినేట్ దగ్గరే ఆగిపోతారు.

మొదటి పూటకు 5కి 5, రెండో పూటకు 4, మూడో పూటకు 3, చార్టుల పూటకు 2. ఫీజు కట్టేముందు ఫోన్ చేసి మూడు ప్రశ్నలు అడగండి. కాటిల్ పాజిటివ్ అయితే ఏ కోడ్ వేస్తారు? రెండు వైపులా 30465 చేస్తే ఏ మోడిఫయర్? క్వెరీ ఒక్కటైనా రాయిస్తారా? మొదటిదానికి డాక్టర్‌ను అడగాలి అని, రెండోదానికి ఏదీ వద్దు అని, మూడోదానికి అవును అని జవాబొస్తే ఆ బ్యాచ్‌లో చేరండి. వెళ్లేటప్పుడు 2025 గానీ ఆ తర్వాతి సంవత్సరానిది గానీ ఐసీడీ-10-సీఎం పుస్తకం పట్టుకెళ్లండి. వీలైతే పేషెంట్ వివరాలు పూర్తిగా తీసేసిన గజిబిజి నోట్ నమూనా ఒకటి తయారుచేసుకుని వెళ్లి, నాలుగో పూట దాన్నే చేయించమని అడగండి.